377 రోడ్డు వెంట వేట భూమి కోసం: మేసన్, జంక్షన్, రాక్‌స్ప్రింగ్స్

వారాంతాల్లో వెళ్ళి వేటాడుకోవడానికి సొంత భూమి, అందులో కరెంటు లైనుతో పనిలేని చిన్న క్యాబిన్. ఇదీ మా బావగారి కోరిక. డాలస్‌లో ఆఫీసు స్నేహితులతో తిరిగి రైఫిల్ పట్టడం నేర్చుకున్నారు, ఏటా ఎవరో ఒకరి ర్యాంచికి లీజు కట్టి వేటాడుతున్నారు. టెక్సస్‌లో నూటికి 95 పాళ్ళ భూమి ప్రైవేటు వాళ్ళదే. అందుకని వేటాడాలంటే లీజైనా ఉండాలి, సొంత భూమైనా ఉండాలి, లేదంటే భూమి ఉన్న స్నేహితుడైనా ఉండాలి. నాకు వేట మీద మోజు లేదు. కాగితాలు చదవడం, లెక్కలు కట్టడం, సగం దూరం బండి నడపడం నా వంతు.

మేం పట్టుకున్నది యూఎస్ 377 హైవే. ఫోర్ట్‌వర్త్ దాటాక స్టీఫెన్‌విల్, బ్రౌన్‌వుడ్, బ్రేడీ, మేసన్, జంక్షన్, రాక్‌స్ప్రింగ్స్ మీదుగా మెక్సికో సరిహద్దున ఉన్న డెల్ రియో దాకా పోతుంది. మేసన్ నుంచి దక్షిణానికి దిగేకొద్దీ మేం చూసిన భూముల్లో ఎకరం ధర తగ్గుతూ వచ్చింది, నీళ్ళ గురించి అడగాల్సిన ప్రశ్నలు పెరుగుతూ వచ్చాయి. ఎకరం మనకీ వాళ్ళకీ ఒకటే, 4,840 గజాలు, కాబట్టి ఆ లెక్క మాత్రం తేలికే. బ్రేడీలో కాఫీకి ఆగాం. ఏటా లేబర్ డే వారాంతంలో అక్కడ మేకమాంసం వండే ప్రపంచ పోటీ జరుగుతుంది. మనవాళ్ళు మసాలా డబ్బా పట్టుకుని అందులో ఎందుకు దిగరో నాకు అర్థం కాదు.

మేసన్ చక్కటి ఊరు. టెక్సస్ రాష్ట్ర రత్నమైన టోపజ్ రాయి ఆ కౌంటీలోనే దొరుకుతుంది. పక్కనున్న లానో ‘టెక్సస్ జింకల రాజధాని’ అని బోర్డు పెట్టుకుంది. ఆ పేరుకి కూడా కలిపి ధర కడతారని మాకు త్వరగానే తెలిసొచ్చింది. మేసన్‌లో చూసింది పెద్ద ర్యాంచిని కోసి అమ్ముతున్న ముక్కల్లో ఒకటి, 20 ఎకరాలు. మ్యాపులో పొడుగ్గా రిబ్బన్ లాగా ఉంది: 330 అడుగుల వెడల్పు, అర మైలు పొడవు. జింకల జాడలు బాగానే ఉన్నాయి. కానీ తుపాకీ ఎటు తిప్పినా పక్కవాడి కంచే ఎదురుగా ఉంటుంది. వేటాడుతూ పేల్చిన గుండు తెలిసి తెలిసి సరిహద్దు దాటితే టెక్సస్‌లో నేరం. ఆ ముక్కలో మంచె వేస్తే పొడవు వైపు మాత్రమే చూస్తూ కూర్చోవాలి, అదీ వెనక గుట్ట అడ్డం ఉన్నచోటే. “ఇది వేటకి కాదురా, కబడ్డీకి” అన్నారు బావగారు. భూమి ఎన్ని ఎకరాలన్నది ప్రకటనలో పెద్ద అక్షరాల్లో వేస్తారు, ఏ ఆకారంలో ఉందో సర్వే కాగితం తెరిస్తే గానీ తెలియదు.

పన్ను సంగతి కూడా అక్కడే తేలింది. పశువుల మేతకో, పంటకో వాడుతున్న భూమికి కౌంటీ మార్కెట్ ధర మీద కాకుండా వ్యవసాయ విలువ మీద పన్ను వేస్తుంది, తేడా చాలా ఎక్కువ. ఇప్పటికే ఆ లెక్కలో ఉన్న భూమిని వన్యప్రాణి నిర్వహణ కిందికి మార్చుకోవచ్చు. దానికి మేత పెట్టడం, నీళ్ళు పెట్టడం, ఆశ్రయం కట్టడం, జంతువుల్ని లెక్కించడం లాంటి ఏడు పనుల్లో మూడైనా చేస్తూ ఉండాలి. వేట కోసం కొనేవాళ్ళకి ఇది బాగా నప్పే దారి. అయితే పెద్ద కమతం నుంచి విడగొట్టిన చిన్న ముక్కకి కనీస విస్తీర్ణం షరతు అడ్డం రావచ్చు. వాడకం మారిస్తే గత మూడేళ్ళ తేడా పన్ను కట్టాలి. రిబ్బన్ ముక్క ఈ పరీక్షలోనూ నిలబడేలా కనబడలేదు.

ఆ రాత్రి బస జంక్షన్‌లో. ఉత్తర, దక్షిణ లానో నదులు కలిసే ఊరు అది. ఊళ్ళో జింక కొమ్ములన్నీ పేర్చి కట్టిన చెట్టు ఒకటి ఉంది, ఫొటో దిగకుండా ఎవరూ కదలరు. హైవే పక్క మోటెల్లో దిగాం. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు వచ్చాయి. వేటాడిన జంతువుల్ని గదిలో కోయవద్దని తలుపు వెనక నోటీసు అంటించారు, అంటే ఎవరో కోసే ఉంటారు. నవంబరు మొదటి శనివారం తెల్లతోక జింక సీజను మొదలవుతుంది. ఆ వారాంతానికి గది కావాలంటే చాలా ముందే బుక్ చేసుకోవాలి, ధర కూడా మామూలు రోజుల ధర కాదు. డబ్బు మిగలాలంటే ఊరికి దగ్గర్లోనే సౌత్ లానో రివర్ స్టేట్ పార్క్ మేలు. నీళ్ళు, కరెంటు ఉన్న క్యాంపు స్థలాలు దొరుకుతాయి, రాత్రి ఆకాశం చాలా బాగుంటుంది. అడవి టర్కీ కోళ్ళు రాత్రిళ్ళు గుంపుగా చెట్లెక్కే చోటు కాబట్టి అక్టోబరు నుంచి మార్చి దాకా నది ఒడ్డున కొంత భాగంలోకి సందర్శకుల్ని పోనివ్వరు. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి నేను మోటెల్ కంటే పార్కే చెబుతాను.

తిండికి ఊళ్ళో బార్బెక్యూ, టెక్స్-మెక్స్ తప్ప పెద్దగా ఎంపిక లేదు. అక్క కట్టిచ్చిన పులిహోర, గోంగూర పచ్చడి మమ్మల్ని ఆదుకున్నాయి. పెద్ద కిరాణా దుకాణం గానీ పెద్ద ఆసుపత్రి గానీ కావాలంటే కెర్విల్ పోవాలి, దాదాపు గంట ప్రయాణం. త్రాచుపాము జాతి కాకపోయినా గిలక తోక పాములు ఉన్న ప్రాంతం కాబట్టి ఈ దూరం కూడా నా లెక్కల్లో రాసుకున్నాను.

జంక్షన్ నుంచి రాక్‌స్ప్రింగ్స్ రోడ్డు ఈ ప్రయాణం మొత్తంలో అందమైన భాగం. కొంతదూరం నది పక్కనే వస్తుంది, టెలిగ్రాఫ్ అనే పాత ఊరి దగ్గర్లోనే మా ఫోన్ సిగ్నల్ పోయింది. తర్వాతంతా గుట్టలు, జూనిపర్ పొదలు, నాగజెముడు, మన సర్కారు తుమ్మకి దగ్గరి చుట్టమైన మెస్కీట్. పెట్రోలు జంక్షన్‌లోనే నింపుకోవడం మంచిది.

రాక్‌స్ప్రింగ్స్ అంగోరా మేకల ఊరు, మోహేర్ ఉన్నికి పేరుపడ్డది. దానికి కొంత దూరంలో మేం చూసిన భూమి 80 ఎకరాలు, ఎకరం ధర మేసన్‌తో పోలిస్తే సగం కూడా లేదు. ప్రకటనలో ‘సర్వం సిద్ధం’ అని రాసి సోలార్ క్యాబిన్ ఫొటోలు పెట్టారు. అమ్మేవాళ్ళు ఒక రాత్రి ఉండి చూసుకోమన్నారు. కొనబోయే ప్రతివాళ్ళూ ఇలా అడిగి మరీ ఉండాలని నా గట్టి అభిప్రాయం.

క్యాబిన్ 16 అడుగులకి 20 అడుగులు. ఇనుప పొయ్యి, రెండు బంకు మంచాలు, గ్యాసు స్టవ్వు. కప్పు మీద పడ్డ వాన గొట్టం గుండా ట్యాంకులోకి వస్తుంది. అంత కప్పు మీద ఒక అంగుళం వాన పడితే వచ్చేది సుమారు 200 గాలన్లు. ఏడాదికి సగటున పాతిక అంగుళాల లోపే పడే చోట, అదీ నెలల తరబడి ఎండగట్టి ఒక్కసారి కుమ్మరించే చోట, ఇద్దరు మనుషులు పొదుపుగా వాడుకోవాలి. మిగతాది మోసుకెళ్ళాలి. 275 గాలన్ల టోట్ (చదరపు ప్లాస్టిక్ ట్యాంకు) నిండితే వెయ్యి కిలోలు దాటుతుంది, మామూలు పికప్ మీద ఎక్కించే బరువు కాదది.

ఇక కరెంటు. గోడ మీద చిన్న మీటరు ఉంది. రాత్రి ఎనిమిదింటికి 12.6 వోల్టులు చూపించింది, అంటే పాత రకం లెడ్ యాసిడ్ బ్యాటరీలు నిండుగా ఉన్నట్టు. రెండు బల్బులు, ఒక చిన్న ఫ్రిజ్, మా ఫోన్లు. అంతకుమించి ఏమీ వాడలేదు. రాత్రి లేచి చూస్తే 12.0. తెల్లారేసరికి 11.7, ఇన్వర్టరు కీచుమని అరుస్తోంది, ఫ్రిజ్ ఆగిపోయింది. లెడ్ యాసిడ్ బ్యాటరీలు 12 వోల్టుల కిందికి తరచూ దిగితే త్వరగా చచ్చిపోతాయి. బ్యాటరీల పెట్టె మూత ఎత్తి చూస్తే తయారీ తేదీ ఎనిమిదేళ్ళ కిందటిది, ప్రకటనలో మాత్రం ‘కొత్త సోలార్ సిస్టమ్’. పలకలు నిజంగానే కొత్తవి, బ్యాటరీల సంగతి ఎవరూ ఎత్తలేదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు వేయించాలంటే ఇంకో ఖర్చు. ఆగస్టు ఎండలో ఏసీ కావాలంటే ఇంకా పెద్ద ఖర్చు, లేదా జనరేటర్ మోత.

ఇవన్నీ డబ్బుతో తీరేవే. తీరనిది దారి. తారు రోడ్డు నుంచి ఆ భూమికి రెండు మైళ్ళు పక్కవాళ్ళ ర్యాంచిలోంచి పోవాలి. గేటుకి ఒక గొలుసు, ఆ గొలుసులో ఒకదానికొకటి తగిలించిన ఐదు తాళాలు. అయిదుగురు యజమానులు, వాళ్ళలో ఎవరు తమ తాళం ఒక్కటి తీసినా గేటు తెరుచుకుంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంది. “ఈ దారి హక్కు దస్తావేజులో ఉందా?” అని అడిగితే బ్రోకరు “ఇరవై ఏళ్ళుగా అందరూ ఇలాగే పోతున్నారు” అన్నారు. అడిగినదానికి అది జవాబు కాదు. మన దగ్గర ఈసీ, లింకు డాక్యుమెంట్లు తీయించినట్టే ఇక్కడ భూమి హక్కుల్ని పరిశీలించే టైటిల్ కంపెనీ నుంచి కమిట్‌మెంట్ అనే కాగితం తెప్పించుకుని అందులో మినహాయింపుల పేజీ చదవాలి. రాసి రిజిస్టరైన ఈజ్‌మెంట్, అంటే పక్కవాళ్ళ భూమిలోంచి పోయే దారి హక్కు, అందులో కనబడలేదు. రేపు పక్క ర్యాంచి చేతులు మారి కొత్త ఓనరు గొలుసు మార్చేస్తే మనకి మిగిలేది కోర్టు. ఖనిజ హక్కులు కూడా ఎప్పుడో విడిపోయి ఇంకెవరి పేరునో ఉన్నాయి. అది టెక్సస్‌లో మామూలే గానీ, భూమిపై హక్కు కన్నా ఖనిజ హక్కుదే పైచేయి అన్నది తెలిసి కొనాలి. బావగారు ఆ రోజంతా ముభావంగా ఉన్నారు. ఆ లోయ ఆయనకి నచ్చేసింది మరి.

తిరుగు దారిలో హెచ్-1బీ మీద ఉన్న మా కజిన్ ఫోన్ చేశాడు, మనం కొనొచ్చా అని. 2025 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చిన టెక్సస్ చట్టం చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యాలకి సంబంధించినవాళ్ళు భూమి కొనడం మీద ఆంక్షలు పెట్టింది, ఆ జాబితాలో ఇండియా లేదు. తుపాకీ సంగతి వేరు. వలసేతర వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. ఇలాంటి చోట లాయర్‌ని అడగకుండా అడుగు వేయొద్దు, వీసాతో ఆటలు వద్దు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు వేట లైసెన్సుతో పాటు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు కూడా చేయాలి.

చివరగా చూసింది జంక్షన్‌కి దగ్గర్లో 45 ఎకరాలు. ధర మధ్యస్థం. క్యాబిన్ అంటే గోడలూ కప్పూ ఉన్న డబ్బా, లోపల ఏమీ లేదు. కానీ కౌంటీ రోడ్డు గేటు దాకా వస్తుంది, ముక్క దాదాపు చదరంగా ఉంది, సోలార్ పంపుతో నడిచే బోరు ఉంది. వాగు ఒకటి అడ్డంగా పోతోంది. క్యాబిన్ దానికి చాలా ఎత్తున, గుట్ట వాలులో ఉంది. 2025 జూలై 4న కెర్ కౌంటీలో గ్వాడలూప్ నది రాత్రికి రాత్రి పొంగి వందమందికి పైగా చనిపోయాక, ఈ గుట్టల ప్రాంతంలో నీటి ఒడ్డు క్యాబిన్ అంటే నాకు భయమే. నీళ్ళు చూడ్డానికి దగ్గరుండాలి, పడుకోవడానికి దూరముండాలి అని బ్రోకరమ్మ కూడా అంది.

సాయంత్రం నీళ్ళ తొట్టి దగ్గర పొదల వెనక కూర్చున్నాం. ముందు ఆడవి నాలుగు వచ్చాయి. ఎర్రటి ఒంటి మీద తెల్ల చుక్కలు. తర్వాత పొడుగు కొమ్ముల మగది, మెడ చాచి ఒక్క అరుపు అరిచింది. నల్లమలలో, తిరుమల కొండ మీద కనబడే మన చుక్కల దుప్పి! 1932లో ఇక్కడికి తెచ్చి వదిలారు, ఇప్పుడు ఈ గుట్టల నిండా అవే. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని ముట్టుకుంటే జైలు. ఇక్కడ లైసెన్సు, భూమి యజమాని అనుమతి ఉంటే చాలు, సీజను లేదు, ఇన్నే అన్న పరిమితి లేదు. అందుకే దుప్పులు తిరిగే భూమికి ఏడాది పొడవునా గిరాకీ. బ్రోకర్లు దాన్ని బాగా వాడుకుంటారు. అయితే మామూలు ఎత్తు కంచె వాటికి లెక్కలోది కాదు, ఇవాళ మన తొట్టి దగ్గర, రేపు పక్కవాడి తొట్టి దగ్గర. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో దుప్పులు, కృష్ణజింకలు పెద్ద సంఖ్యలో చనిపోయాయి. వాటిని చూపించి ఎకరానికి అదనంగా అడిగితే ఇవ్వక్కర్లేదని నా లెక్క. బావగారు వినే స్థితిలో లేరు, బైనాక్యులర్ దించలేదు.

బ్యాంకు హోమ్ లోన్ ఇలాంటి వాటికి కుదరదు. పల్లె భూములకి అప్పిచ్చే ఫామ్ క్రెడిట్ సంస్థలు ఉన్నాయి, డౌన్ పేమెంట్ ఎక్కువ అడుగుతాయి. అమ్మేవాళ్ళే అప్పిస్తామని కూడా అన్నారు. వడ్డీ ఎక్కువ, పైగా వాయిదాలన్నీ తీరాకే దస్తావేజు ఇచ్చే పద్ధతి అయితే నేను ఒప్పుకోనన్నాను.

మొత్తానికి జంక్షన్ భూమికే ఆఫర్ పెట్టాం, ఆప్షన్ ఫీజు కట్టి, నచ్చకపోతే వెనక్కి తగ్గేందుకు కొన్నాళ్ళు గడువు తీసుకున్నాం. ఆ గడువులో బోరు పరీక్ష చేయిస్తే నిమిషానికి ఆరు గాలన్లు వచ్చాయి, నీటి నాణ్యత పర్వాలేదు, గట్టి నీళ్ళు. సర్వేలో పక్కవాళ్ళ కంచె ఒక మూల కొంచెం లోపలికి వచ్చినట్టు తేలింది. ధర తగ్గించమంటే తగ్గించలేదు, పాత ట్రాక్టరూ జింకలకి మొక్కజొన్న వేసే రెండు ఫీడర్లూ వదిలేస్తామన్నారు. కంచె సరిచేయించాకే సంతకం అన్నాం, సరే అన్నారు. ట్రాక్టర్ స్టార్ట్ అవుతుందో లేదో మాత్రం ఇంకా ఎవరూ చూడలేదు.