9 ఏళ్ళు, 1,18,000 కిలోమీటర్లు: రాజాం నుంచి ఢిల్లీ వార్ మెమోరియల్ దాకా తీసుకెళ్ళిన నా క్యాంటీన్ కారు

ఒక పూట తోలేసి రివ్యూ చెప్పే కుర్రాళ్ళ టైపు కాదు ఇది. బండి కొన్నది 2016 దసరాకి, ఇప్పుడు రాస్తున్నా, మీటరు 1,18,000 దాటింది. కంపెనీ పేరు, మోడల్ పేరు రాయను, ఎందుకంటే కింద మెచ్చుకోళ్ళతో పాటు తిట్లూ ఉన్నాయి. వెయ్యి సీసీ పెట్రోలు, మాన్యువల్ గేరు, నిలువుగా డబ్బాలా ఉండే రకం, అంతవరకు తెలిస్తే చాలు. ఎక్స్ సర్వీస్‌మన్ని కాబట్టి ఆర్మీ క్యాంటీన్ రేటుకి తీసుకున్నా, కాగితాల కోసం రాజాం నుంచి విశాఖకి నాలుగుసార్లు తిరిగాననుకోండి, అయినా షోరూమ్ రేటు మీద అరవై వేల పైచిలుకు మిగిలింది. నంబరు ఏపీ 30. 2022 లో జిల్లాలు విడగొట్టాక మా రాజాం విజయనగరం జిల్లాలోకి పోయింది గానీ బండి మాత్రం ఇంకా శ్రీకాకుళందే.

నాకు బండ్ల గురించి చెప్పే హక్కు ఏపాటిదంటే, నేను ఆర్మీలో ఏఎస్‌సీ (సరుకులు, రేషన్ మోసే ఆర్మీ సర్వీస్ కోర్) డ్రైవర్ని. 1984 లో చేరా, 2008 లో హవల్దారుగా ఇంటికొచ్చేశా. మొదట్లో తోలినవన్నీ శక్తిమాన్ లారీలు, జబల్పూర్ ఫ్యాక్టరీలో తయారైనవి, ఆ స్టీరింగు తిప్పి తిప్పి భుజాలు అరిగిపోయినోడికి ఈ పవర్ స్టీరింగు కారిస్తే తిరణాల్లో కొన్న బొమ్మ తోలినట్టుంటాది. కాబట్టి ఇంజన్ పవర్, పికప్ లాంటివి నన్నడక్కండి, శక్తిమాన్ తర్వాత అన్నీ పికప్ ఉన్న బండ్లే.

నేను చెప్పేది ఒక్కటే, సీటు ఎత్తు. షోరూమ్‌లో ఎవడూ దీని గురించి చెప్పడు, టచ్ స్క్రీన్ చూపిస్తాడు, అలాయ్ వీల్స్ చూపిస్తాడు. నా కుడి మోకాలు అరిగింది, మా ఆవిడకి నడుం నొప్పి. సెడాన్ అయితే గోతిలోకి దిగినట్టు దిగాలి, పెద్ద ఎస్‌యూవీ అయితే అటక ఎక్కినట్టు ఎక్కాలి, దీంట్లో మాత్రం మంచం మీద కూర్చున్నట్టు వెనక్కి ఆనుకుని కాళ్ళు లోపలికి తిప్పుకోవడమే. యాభై దాటినోళ్ళు కారు కొనే ముందు షోరూమ్‌లో పదిసార్లు ఎక్కి పదిసార్లు దిగి చూడండి, సేల్స్ కుర్రాడు నవ్వితే నవ్వనీండి.

ఈ ఎత్తు విలువ నాకు నిజంగా తెలిసింది మొన్న నవంబర్లో, ఢిల్లీ వెళ్ళినప్పుడు. మా వదిన రెండు మోకాళ్ళకీ ఆపరేషన్ అయిన మనిషి. సొంత వదిన కాదు, మా యూనిట్‌లోనే నాకంటే మూడేళ్ళు సీనియర్ డ్రైవరు ఒకాయన ఉండేవాడు, నరసన్నపేట వైపు మనిషి, ఆయన భార్య. 1987 లో ఐపీకేఎఫ్ (శాంతి పరిరక్షక దళం) అని మన ఆర్మీని శ్రీలంక పంపారు కదా, తమిళ పులుల మీద ఆపరేషన్ పవన్, మద్రాసులో బండ్లతో సహా ఓడెక్కించారు మమ్మల్ని, ఇద్దరం కలిసే వెళ్ళాం. జాఫ్నా రోడ్ల మీద రేషన్ కాన్వాయ్ తోలడమంటే ముందు బండి టైరు గుర్తు మీదే మన టైరు పడాలి, పక్కకి జరిగితే ఎక్కడ మందుపాతరుందో తెలీదు. 1988 లో ఒకరోజు ముందు బండి ఆయనది, వెనక బండి నాది. అంతే, ఇంకా రాయను.

అక్కడ పోయిన మన సైనికులు దాదాపు 1,200 మంది. వాళ్ళ కోసం కొలంబో దగ్గర శ్రీలంక వాళ్ళు ఒక స్మారకం కట్టారు. మనకి ఢిల్లీలో ఇండియా గేట్ పక్కన నేషనల్ వార్ మెమోరియల్ 2019 ఫిబ్రవరి 25 న మొదలైంది, స్వతంత్రం వచ్చాక పోయినోళ్ళ పేర్లన్నీ అక్కడ రాళ్ళ మీద చెక్కారు, ఆపరేషన్ పవన్‌వి కూడా. ఆ మాట నేనే నోరుజారి వదినకి చెప్పా. ఆరేళ్ళ నుంచి "బాబూ, ఎప్పుడెల్దాం" అని అడుగుతూనే ఉంది. వాళ్ళబ్బాయి ఫ్లైట్ టికెట్ తీస్తానన్నాడు, ఆవిడ ఒప్పుకోలేదు, రైలంటే ఆ మెట్లెక్కలేదు, సరే కార్లో పోదాం అన్నా. నిజం చెప్పాలంటే నాకే బండి తియ్యాలని ఉంది, వదిన మోకాళ్ళు సాకు.

ముగ్గురం, నేను, మా ఆవిడ, వదిన. వెళ్ళడానికి ఆరు రోజులు, సుమారు 1,900 కిలోమీటర్లు. రాత్రి డ్రైవింగ్ లేదు అన్నది రూలు, ఎందుకంటే ఈ బండి హెడ్‌లైట్లు దీపావళి దివ్వెల్లా ఉంటాయి, ఎదర బస్సోడు డిమ్ కొట్టకపోతే మనకి రోడ్డే కనబడదు. బల్బులు మార్చినా పెద్ద తేడా లేదు. తొమ్మిదేళ్ళుగా నా మొదటి కంప్లయింట్ ఇదే.

బొబ్బిలి, రామభద్రపురం మీదుగా సాలూరు చేరి సుంకి ఘాట్ ఎక్కాం. ముగ్గురు మనుషులు, డిక్కీ నిండా సామాను (పలాస జీడిపప్పు పంచడానికే నాలుగు కేజీలు, అరిసెల డబ్బా, చోడిపిండి, వదిన ఆవకాయ సీసా), ఏసీ ఆన్‌లో ఉంటే మలుపు మలుపుకీ రెండో గేరే. ఏసీ ఆపేస్తే మూడు పడుతుంది. ఘాట్‌లో మైలేజీ 13, 14 కి పడిపోయింది. కోరాపుట్ దాటాక చక్కగా నడిచింది. ఆ రాత్రి జగదల్పూర్‌లో. రెండో రోజు కేశ్కాల్ ఘాట్ దిగి కాంకేర్, ధమ్తరి మీదుగా రాయ్‌పూర్. మూడో రోజు నాగపూర్ పక్కన కామటీలో నా పాత బ్యాచ్‌మేట్ ఇంట్లో పడుకున్నాం, వాడు బండి చూసి ఇంకా ఇదే తోలుతున్నావా అన్నాడు, వాడి ఎస్‌యూవీలోకి మా వదినని ఎక్కించమన్నా, ఆవిడ చెయ్యి పట్టుకుని లాగాల్సొచ్చింది, మరి మాట్లాడలేదు.

పెంచ్ అడవిలో 44 నంబరు హైవే పైకెత్తి కట్టారు, రెండు పక్కలా గోడలు, కింద నుంచి జంతువులు దాటతాయి. వదిన గోడలెందుకని అడిగితే కింద పులులు తిరుగుతాయి, మన హారన్ వాటికి వినబడకూడదని చెప్పా. "అయితే కొట్టకు బాబూ" అంది, సివనీ దాకా హారన్ ముట్టుకోలేదు నేను. ఆ రోడ్డు మీద 90 లో పోతే ఈ బండి బాగుంటుంది, లీటరుకి 20 వచ్చింది, ఇదివరకు హైవే మీద 22 చూసేవాణ్ణి, ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వచ్చాక కాస్త తగ్గినట్టే ఉంది, లేకపోతే బండికే వయసైపోయిందో మరి. 100 దాటితే మాత్రం పక్కనుంచి లారీ పోయినప్పుడల్లా ఊగుతుంది, ఎత్తు ఎక్కువ, బరువు తక్కువ, గాలికి గొడుగులా ఊగుతాది. 90 లోపే ఉండండి.

నర్సింగ్‌పూర్ దాటాక టెంపరేచర్ లైటు వెలిగింది. కూలెంట్ పైపు చిన్నగా చిట్లింది. తిట్టుకున్నానంటే రోడ్డు మీద ఆగినందుకు కాదు, బయల్దేరే ముందు వారమే మా ఊరి దగ్గర సర్వీస్ సెంటర్లో జనరల్ చెకప్ అని 6,400 కట్టా, బిల్లులో హోస్ (అదే ఆ పైపు) చెక్ అని టిక్కు పెట్టుంది! రోడ్డు పక్క మెకానిక్ ముక్క కోసి మళ్ళీ బిగించి 300 తీసుకున్నాడు, రాజాం తిరిగొచ్చేదాకా చుక్క కారలేదు. వారంటీ అయిపోయాక బండిని తెలిసిన మెకానిక్ దగ్గరకే తీసుకెళ్ళండి, ఏసీ వెయిటింగ్ రూములో కాఫీ తాగడానికి అంత డబ్బు అక్కర్లేదు.

సాగర్‌లో నాలుగో రాత్రి. అక్కడే మహర్ రెజిమెంట్ సెంటరుంది. జాఫ్నాలో 1987 నవంబర్ 25 న గుండెల్లో తూటా దిగినా శత్రువు చేతిలో రైఫిల్ లాక్కుని వాణ్ణే కాల్చిన మేజర్ రామస్వామి పరమేశ్వరన్ ఆ రెజిమెంటే, 8 మహర్, మా ఆపరేషన్ మొత్తానికి పరమవీర చక్ర ఆయనొక్కడికే. గేటు ముందు నుంచి పోతూ ఒక్క నిమిషం బండాపా. సెంట్రీ కుర్రాడు ఏంటన్నట్టు చూశాడు, చెయ్యూపి వచ్చేశా.

టోల్ సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి వచ్చిన ఫాస్టాగ్ ఏడాది పాసు మనవడు ఫోన్లో తీసిచ్చాడు, అప్పుడు 3,000 రూపాయలు, 200 ట్రిప్పులు, ఇలాంటి లాంగ్ ట్రిప్ ఒక్కటి కొడితే పాస్ డబ్బు చాలావరకు వచ్చేసినట్టే. రిటైరైన ఫౌజీలకి టోల్ ఫ్రీ అని వాట్సాప్‌లో తిరుగుతుంది చూశారా, నమ్మి గేటు దగ్గర గొడవ పడకండి, అది మనకి కాదు. ఇంకోటి, మేం వెళ్ళిన 2025 నవంబర్లో ఢిల్లీలో పొగ బాగా ఎక్కువైతే బీఎస్3 పెట్రోలు, బీఎస్4 డీజిల్ కార్లని (బీఎస్ అంటే బండి పొగకి పెట్టిన ప్రమాణం) ఆపేసేవారు, నాది బీఎస్4 పెట్రోలు కాబట్టి బతికిపోయా, వెళ్ళేముందు అప్పటి రూలూ, మీ ఆర్సీ చూసుకోండి.

ఇంత దూరం తోలుకెళ్ళిన బండి మెమోరియల్ దాకా పోలేదు మళ్ళీ. ఇండియా గేట్ చుట్టూ పార్కింగ్ గొడవని భయపెట్టారు, తెలిసినవాళ్ళింట్లో పెట్టేసి ఆటోలో వెళ్ళాం. టికెట్ లేదు. నలభై ఎకరాలు, గుండ్రంగా ఒకదాని లోపల ఒకటి నాలుగు చక్రాలు, అమర్, వీరతా, త్యాగ్, రక్షక్ అని. మధ్యలో స్తంభం, దాని కింద ఆరని జ్యోతి. త్యాగ చక్రంలో పదహారు గోడలు, ఒక్కో రాయి మీద ఒక్కో పేరు బంగారు రంగు అక్షరాల్లో, పాతికవేల పైనే ఉన్నాయి. అంతమందిలో ఎలగ వెతుకుతాం అని మా ఆవిడ గాభరా పడింది గానీ అక్కడ స్క్రీన్లున్నాయి, పేరు కొడితే ఏ గోడో చెప్తుంది. నాకు చెయ్యి వణికి రెండుసార్లు తప్పు కొట్టా, వెనక నిలబడ్డ కాలేజీ పిల్ల కొట్టిపెట్టింది.

వదినకి తెలుగు తప్ప వేరే చదువు లేదు. ఇదే అని చూపించా. "అంతా ఒకేలాగున్నాయి, నిజంగా ఇదేనా" అంది. ఇదే వదినా అన్నా. అక్షరం అక్షరం నన్ను చదివించింది, ప్రతి అక్షరం మీదా వేలు పెట్టింది. పొందూరు ఖద్దరు తువ్వాలు ఒకటి తెచ్చింది, రాయి మీద దుమ్ము తుడిచింది, దుమ్మేం లేదు అసలు. ఏడుస్తాదేమో అనుకున్నా, ఏడవలేదు. పక్క రాయి మీద పేరెవరిదని అడిగింది. చదివా. దాని పక్కది? అదీ చదివా. అలాగ ఆ వరస మొత్తం చదివించింది, గొంతు పట్టేసింది నాకు. వెళ్ళేవాళ్ళు తెలుసుకోండి, రోజూ సాయంత్రం జరిగే కార్యక్రమంలో కుటుంబం వాళ్ళు పుష్పగుచ్ఛం పెట్టే ఏర్పాటు ముందే మాట్లాడుకుంటే చేస్తారట, మాకు అక్కడికెళ్ళాకే తెలిసింది.

తిరుగు ప్రయాణం గురించి చెప్పడానికేం లేదు, అదే రోడ్డు, ఐదు రోజుల్లో వచ్చేశాం. వెనక సీటు మాత్రం గట్టి, మూడో రోజుకి మా ఆవిడ దుప్పటి మడతేసి కింద పెట్టుకుంది. ఏసీ తొమ్మిదేళ్ళలో ఒక్కసారి గ్యాస్ నింపించా. టైర్లు 47,000 దగ్గర ఒకసారి, 92,000 దగ్గర ఇంకోసారి. క్లచ్ ప్లేటు 78,000 కి పోయింది, ఇప్పుడు మళ్ళీ ఘాట్‌లో వాసనొస్తోంది. ఇంజన్ జోలికి ఇంతవరకు ఎవడూ పోలేదు. మార్కులంటే పదికి ఏడున్నర, హెడ్‌లైట్లకి ఒకటిన్నర, ఆ వెనక సీటుకి ఒకటి కోశా.

నరసన్నపేటలో వదినని దింపుతుంటే తలుపు పట్టుకుని నిలబడి అడిగింది, "బాబూ, కొలంబోలో కూడా ఒకటుందన్నావు కదా, అక్కడికి ఈ బండెల్తాదా" అని. మధ్యలో సముద్రముంది వదినా అన్నా. "మరప్పుడు ఎలగెల్లారు మీరు?" అంది. ఏం చెప్తాం. ముందు క్లచ్ ప్లేటు మార్పించనీ అన్నా.