రోజీ కవర్ కొనేవాళ్లు ఆ అడ్రస్ లేబుల్ మీద ఒకసారి గోరు పెట్టి చూడండి

ఆన్‌లైన్‌లో పాత పత్రికల అట్టలు అమ్మే ఆ సెల్లర్ ఎవరో నేను చెప్పక్కర్లేదు. జెండా కవర్లు, అంటే అమెరికా జెండా బొమ్మ ఉన్న పాత పత్రికల అట్టలు, ఏరుకునేవాళ్లలో వాడి దగ్గర కొననివాళ్లు తక్కువే. నేనూ రెండుసార్లు కొన్నాను. రెండూ 1942 జూలైవి, పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగిన ఏడు నెలలకి వందల పత్రికలు ఒక్క నెలలోనే అట్ట మీద జెండా వేశాయే, అప్పటివి. రెండూ అసలువే. గాలానికి ఎర గుచ్చాడని నాకేం తెలుసు? మూడోసారి 265 డాలర్లు పోయాయి.

కొన్నది 1943 మే 29 నాటి సాటర్డే ఈవెనింగ్ పోస్ట్ పత్రిక కవర్, చిత్రకారుడు నార్మన్ రాక్‌వెల్ వేసిన రోజీ. యుద్ధకాలంలో ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఆడవాళ్లకి గుర్తు ఈ రోజీ. నీలం చొక్కా చెయ్యి మడిచి కండ చూపించే అమ్మాయి కాదు. అది వెస్టింగ్‌హౌస్ కంపెనీ తన ఫ్యాక్టరీల్లో అంటించుకున్న పోస్టర్, పత్రిక అట్ట కానే కాదు. మా ఆయనకి ఇది ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాను. ఈ రోజీ వెనకాల అంతా జెండా, ఒళ్లో రేకులు కలిపే రివెట్లు కొట్టే గన్, చేతిలో శాండ్‌విచ్, కాలి కింద హిట్లర్ పుస్తకం. సిస్టీన్ చాపెల్ కప్పు మీద మైకెలాంజెలో వేసిన యెషయా ప్రవక్త కూర్చున్న తీరుని తెచ్చి, ఫ్యాక్టరీలో రివెట్లు కొట్టే ఆడమనిషికి ఇచ్చాడు రాక్‌వెల్. ఎవరొచ్చినా సరే, తినడం అయ్యేదాకా లేచేది లేదన్నట్టు ఉంటుంది.

నేను విచిటాలో విమానాల విడిభాగాలు చేసే చోట క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ని. పొద్దస్తమానం లెన్సు పెట్టి రివెట్లు చూడటమే నా పని. అందుకే ఈ కవర్ నా డెస్క్ ఎదురుగా ఉండాలని మూడేళ్లుగా ఆశ. అలాంటిదాన్ని ఇంటికొచ్చి, ఫోన్లో రెండు ఫోటోలు చూసి డబ్బు పంపేశాను. పనిలో ఇలా చేస్తే సాయంత్రానికి ఇంటికి పంపేస్తారు.

నన్ను పడేసింది ఆ లేబుల్. అట్ట కింద మూలలో పాత అడ్రస్ లేబుల్, ఒక అంచు కాస్త చిరిగి ఉంది. మిసెస్ అని మొదలయ్యే పేరు, ఒహాయోలో ఏదో చిన్న ఊరు. దాన్ని చూసి నేను కథలల్లుకున్నాను. భర్త యుద్ధంలో ఉంటాడు, ఈవిడ ఏ ఫ్యాక్టరీలోనో పనిచేస్తుంటుంది, పోస్టులో ఈ పత్రిక రాగానే గుమ్మంలోనే నిలబడి చూసుకుని ఉంటుంది అని. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయండీ, నిజం. ఫ్రేము ముందే కట్టించి పెట్టాను, 90 డాలర్లు.

అమ్మకాలు జరిగే సైట్ (ప్లాట్‌ఫారం) బయట డబ్బు పంపితే పాతిక తగ్గిస్తానన్నాడు. అయినవాళ్లకి డబ్బు పంపుకునే ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ ఆప్షన్‌లో పంపమన్నాడు. పంపాను. నా పెళ్లికి రాని బాబాయి ఇంకొకాయన ఉన్నాడన్నమాట.

మొన్న శనివారం ఆ రోజీ అట్ట వచ్చింది. ప్లాస్టిక్ తీసి, లేబుల్ ఊడిపోతుందేమోనని భయపడుతూ మెల్లగా దాని అంచు మీద గోరు పెట్టాను. అంచు లేదు. మళ్లీ చూశాను. నున్నగా ఉంది. లేబుల్ అంటించింది కాదు, ప్రింటయింది. ఆ చిరుగు ప్రింటే. మధ్యలో మడత గీత ప్రింటే. ఎడమ పక్క స్టేపుల్ పిన్నుల తుప్పు మరక కూడా ప్రింటే! వెనక్కి తిప్పితే తెల్లగా ఖాళీ. అసలు కవర్‌కి లోపలి వైపు ప్రకటన ఉండాలి కదా. నా పది రెట్ల లెన్సు పెడితే పాత అచ్చులో వరసగా ఉండాల్సిన చుక్కల మీద ఇంక్‌జెట్ ప్రింటర్ తుంపర. చేతులు చల్లబడిపోయాయి. ఒహాయో ఆవిడ నన్ను చూసి నవ్వినట్టనిపించింది.

మర్యాదగానే మెసేజ్ పెట్టాను. గంట తర్వాత జవాబు. “ఒరిజినల్ అన్నది బొమ్మ గురించి. కాగితం ఒరిజినల్ అని ఎక్కడ రాశాను?” నేను వెనక్కెళ్లి లిస్టింగ్ చదివాను. ‘1943 ఒరిజినల్ రాక్‌వెల్ ఆర్ట్’ అని ఉంది. నిజమే, కాగితం మాట లేదు. ఒరిజినల్ బొమ్మ అయితే ఆర్కన్సాస్‌లో, బెంటన్‌విల్ క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియంలో ఉంది. 2002 వేలంలోనే దాదాపు 50 లక్షల డాలర్లు పలికింది. నాకు 265కే ఇచ్చాడు, ఎంత దయగల తండ్రో. ఆ మాటే అడిగితే, “గోడకి తగిలిస్తే ఎవరికి తెలుస్తుంది? మీ ఇంటికొచ్చే వాళ్లకి రాక్‌వెల్ ఎవరో తెలుసా అసలు?” అన్నాడు. డబ్బు పోయిన బాధ ఒక ఎత్తు, ఈ మాట ఒక ఎత్తు. మా ఇంటికొచ్చే వాళ్లంటే ఎవరనుకున్నాడు? నా పేరు చూసి అన్నాడని నాకు తెలుసు, వాడికీ తెలుసు. ఆ తర్వాత బ్లాక్ చేశాడు.

ప్లాట్‌ఫారం వాళ్లు, బయట కట్టిన డబ్బుకి మాకు సంబంధం లేదన్నారు. వాళ్ల తప్పేం లేదు, పాతిక డాలర్లకి కక్కుర్తి పడింది నేను. అప్పుడు గానీ వాడు అమ్మేసిన వాటి జాబితా తిరగేయాలని తోచలేదు. అదే లేబుల్, అదే చిరుగు, అదే మడత, ఇప్పటికి మూడుసార్లు అమ్మాడు. ఆ ఒహాయో ఇల్లాలికి ఒకే సంచిక ఎన్ని కాపీలు వచ్చేవో పాపం.

ఇది ఇవాళే రాయడానికి కారణం ఉంది. నిన్న రాత్రి కొత్తది పెట్టాడు, లెస్లీస్ వీక్లీ పత్రిక 1916 జూలై 6 సంచిక అట్ట, జేమ్స్ మాంట్‌గోమరీ ఫ్లాగ్ అనే చిత్రకారుడు వేసిన అంకుల్ శామ్, అమెరికాకి గుర్తుగా వేసే ఆ ముసలాయన. ధర 600. ఫోటోలో అంకుల్ శామ్ కింద ‘ఐ వాంట్ యూ’ అని ఉంది. ఆ మాటలు 1917లో వచ్చిన సైన్యం పోస్టర్‌వి. లెస్లీస్ అట్ట మీద ఉన్నది ‘యుద్ధ సన్నద్ధతకి మీరేం చేస్తున్నారు?’ అనే ప్రశ్న. ఈసారి స్కాన్ చేయడానికి అసలు కాపీ కూడా దొరకలేదనుకుంటా. దానికీ ఒక అడ్రస్ లేబుల్ ఉంది. కొందామని ఇద్దరు ‘వాచ్’ జాబితాలో పెట్టుకున్నారు. ఆ ఇద్దరిలో ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఆగండి.

ఎవరి దగ్గర కొన్నా వెనక వైపు ఫోటో అడగండి, లేబుల్‌ని పక్క నుంచి లైటు వేసి తీసిన ఫోటో అడగండి. బయట డబ్బు పంపకండి.

ఫ్రేము ఖాళీగానే ఉంది. 11 బై 14, నల్ల చెక్క, అద్దం ఒరిజినల్. ఎవరికైనా కావాలంటే చెప్పండి.