బొలోన్యాకి తిండి కోసమే వెళ్ళొచ్చాం

మనవాళ్ళు ఇటలీ అంటే రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ చుట్టేసి వచ్చేస్తారు. బొలోన్యా వాళ్ళకి రైలు మారే స్టేషన్ మాత్రమే. అక్కా నేనూ ఒక లాంగ్ వీకెండ్‌కి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి నేరుగా ఆ ఊరికే వెళ్ళాం, అదీ తిండి కోసమే. నేను అన్నీ తింటాను. అక్క శాకాహారి, గుడ్డు, పాలు మాత్రం తింటుంది. పంది మాంసానికి పేరుపడ్డ ఊళ్ళో తన పరిస్థితి ఏమిటా అని నాకు కాస్త టెన్షన్‌గానే ఉంది.

ఎయిర్‌పోర్టు నుంచి మార్కోనీ ఎక్స్‌ప్రెస్ అనే మోనోరైలు ఏడెనిమిది నిమిషాల్లో సెంట్రల్ స్టేషన్‌లో దింపుతుంది. సౌకర్యంగానే ఉంది కానీ అంత చిన్న దూరానికి మనిషికి 10 యూరోలు దాటింది. ముగ్గురు నలుగురు ఉంటే టాక్సీ ధర కూడా కనుక్కోండి.

బస విషయంలో మాత్రం తృప్తి లేదు. ఊరి ప్రధాన కూడలి పియాజ్జా మజ్జోరెకి దగ్గరని పాత భవనం మూడో అంతస్తులో అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. లిఫ్ట్ లేదు, ఆ మాట బుకింగ్ పేజీలో ఎక్కడా రాయలేదు. కింద బార్లు, అర్ధరాత్రి దాటాక కూడా విద్యార్థుల సందడి. 1088లో మొదలైనదని చెప్పే యూనివర్సిటీ ఉన్న ఊరు మరి! స్టేషన్‌కీ పాత ఊరికీ మధ్య, వియా ఇండిపెండెంజా పక్క సందుల్లో హోటల్ చూసుకోవడం మేలు. ఎటు చూసినా పది పదిహేను నిమిషాల నడకే. బుక్ చేసేముందు ట్రేడ్ ఫెయిర్ల తేదీలు చూసుకోండి. మార్చిలో కాస్మోప్రోఫ్, సెప్టెంబర్‌లో చెర్సాయే జరిగే రోజుల్లో గదుల ధరలు కొండెక్కి కూర్చుంటాయి.

ఇక తిండి. ఈ ఊళ్ళో స్పఘెట్టి బొలోనీస్ అడిగితే నవ్వుతారు. రగూ అనే ఆ మాంసం సాస్ తినేది తాలియాతెల్లె అనే పట్టీల్లాంటి పాస్తా మీద. దాని వెడల్పు వండాక 8 మిల్లీమీటర్లు ఉండాలని 1972లో బంగారు నమూనా చేసి ఛాంబర్ ఆఫ్ కామర్స్‌లో పెట్టారు. ఆ కొలత ఊరి నడిబొడ్డున ఉన్న పాత అసినెల్లి టవర్ ఎత్తులో 12,270వ వంతు అని లెక్క కూడా చెబుతారు. పదేళ్ళకి, 1982లో, రగూ వంటకాన్నీ అక్కడే రిజిస్టర్ చేశారు. ఇంత పట్టింపు అవసరమా అనుకున్నాను గానీ మొదటి ముద్దకే అర్థమైంది. టమాటా పేరుకి మాత్రమే ఉంది. గంటల తరబడి మగ్గిన మాంసం, చేత్తో వత్తిన గరుకు పాస్తాకి అంటుకుని వస్తోంది. బీఫ్, పోర్క్ రెండూ వేస్తారు కాబట్టి తిననివాళ్ళు దీని జోలికి పోవద్దు. తోర్తెల్లిని ఇన్ బ్రోదో కూడా అంతే. చిన్న పాస్తా పొట్లాల లోపల పంది మాంసం, బయట మాంసం ఉడికించిన నీళ్ళు. నాకు ఈ ట్రిప్‌లో బాగా నచ్చినది మాత్రం అదే.

అక్కకి దారి చూపినది తోర్తెల్లోని. పేరు దగ్గరదే గానీ సైజు పెద్దది, లోపల రికోటా చీజ్, పైన వెన్న, సేజ్ ఆకు. దాదాపు ప్రతి ఓస్తెరియాలోనూ (పాతకాలపు చిన్న తిండి, వైన్ దుకాణం) దొరికింది. పార్మిజానో చీజ్ మాత్రం పాలు గడ్డకట్టించడానికి దూడ కడుపులోంచి తీసే రెనెట్‌తో చేస్తారు. కచ్చితంగా పాటించేవాళ్ళు అది వద్దని ముందే చెప్పాలి. పూరీలా పొంగి వచ్చే క్రెషెంటీనా చూసి అక్క ముచ్చటపడింది. అడిగితే పంది కొవ్వులో వేయించామన్నారు. చూడ్డానికి శాకాహారంలా ఉన్నదల్లా శాకాహారం కాదు ఇక్కడ. "సెంజా కార్నే, సెంజా స్త్రుత్తో" అని రెండూ కలిపి చెప్పడం అలవాటు చేసుకోండి: మాంసం వద్దు, పంది కొవ్వూ వద్దు అని.

క్వాద్రిలాతెరో అనే పాత బజారు సందులు ఫొటోలకి బాగుంటాయి, కానీ బయట టేబుళ్ళ దగ్గర ప్లేటు ధరలు టూరిస్టుల ధరలే. మాకు పనికొచ్చిన పద్ధతి వేరు. అక్కడి షాపులో మోర్తదెల్లా అనే పంది మాంసం సాసేజ్ పల్చగా కోయించుకుని, అక్కకి రొట్టె, స్క్వాక్వెరోనె అనే మెత్తటి చీజ్ కొనుక్కుని పక్కనే ఉన్న ఓస్తెరియా దెల్ సోలెకి పోయాం. 1465 నుంచీ ఉన్న చోటని చెబుతారు. వాళ్ళు తాగడానికే ఇస్తారు, తిండి మనమే తెచ్చుకోవాలి. బల్లల మీద పొట్లాలు విప్పుకుని ముసలాళ్ళూ విద్యార్థులూ పక్కపక్కనే కూర్చుంటారు. రెస్టారెంట్ బిల్లులో సగం కూడా కాలేదు. కూరగాయలు, పళ్ళ కోసమైతే మెర్కాతో దెల్లె ఎర్బె అనే మార్కెట్ నయం, ఊరివాళ్ళు కొనేదక్కడే. బిల్లులో కొపెర్తో అని మనిషికి రెండు మూడు యూరోలు కనిపిస్తే గొడవపడకండి, అది టేబుల్ ఛార్జి. టిప్ తప్పనిసరి కాదు. మధ్యాహ్నం రెండున్నర దాటితే చాలా వంటిళ్ళు మూసేస్తారు, మళ్ళీ తెరిచేది ఏడున్నరకి.

చూడ్డానికి ఆర్కేడ్ల వీధులు చాలు, అంటే రోడ్డు పక్కన తోరణాలతో, పైకప్పుతో ఉన్న నడవాలు. ఊరు మొత్తం మీద 62 కిలోమీటర్లు ఉంటాయట, 2021లో యునెస్కో జాబితాలో చేర్చారు. వాన పడినా గొడుగు విప్పే పని లేకపోయింది. సాన్ లూకా చర్చి దాకా ఎక్కే 666 తోరణాల ఆర్కేడ్ భోజనం అరగడానికి మంచి మందు, చివరి భాగం మాత్రం మోకాళ్ళని పరీక్షిస్తుంది. టవర్లు ఎక్కాలనే ఆశ పెట్టుకోకండి. పక్కనున్న గరిసెందా టవర్ ఒరిగిపోతోందన్న భయంతో 2023 నుంచీ అసినెల్లిని మూసేశారు.

వీలుంటే ఒక పూట మొదెనాకి వెళ్ళండి, రీజనల్ రైల్లో అరగంట. ముందే బుక్ చేసుకుని ఒక అచెతాయియా, అంటే బాల్సమిక్ వెనిగర్ తయారుచేసే చోటు, చూశాం. ఇంటి అటక మీద రకరకాల చెక్కల పీపాలు, పెద్దదాని నుంచి చిన్నదాని దాకా వరసగా. కాచిన ద్రాక్షరసం వాటిల్లో కనీసం 12 ఏళ్ళు, ఎక్స్‌ట్రావెక్యో అయితే 25 ఏళ్ళు ఉంటుంది. సూపర్‌మార్కెట్‌లో దొరికే మామూలు రకానికి 60 రోజులు చాలు, అందులో వైన్ వెనిగర్ కూడా కలుస్తుంది. చెంచాడు రుచి చూస్తే తేడా తెలిసిపోతుంది. ఐస్‌క్రీం మీద చుక్కలు వేసి ఇచ్చారు, అక్క రెండోసారి అడిగి మరీ తింది. అసలు సరుకు 100 మిల్లీలీటర్ల గుండ్రటి సీసాలోనే అమ్ముతారు, 12 ఏళ్ళదే 40–50 యూరోలు. సరిగ్గా 100 కాబట్టి క్యాబిన్ బ్యాగులో లిక్విడ్స్ కవర్లో పెట్టుకుని తెచ్చేసుకోవచ్చు. పార్మిజానో మాత్రం ఎయిర్‌పోర్టులో కాకుండా ఊళ్ళోనే కొని, వాక్యూమ్ ప్యాక్ చేయమని అడగండి.