మా వీధి చివర కర్రీ పాయింట్: పప్పు, వేపుడు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు

కూకట్‌పల్లిలో మా ఇంట్లో నేను, మా పాప, మా అత్తయ్య ఉంటాం. విడాకులయ్యాక కూడా ఆవిడ మాతోనే ఉంటానన్నారు, పాపను సగం పెంచుతున్నది ఆవిడే. నాకు నైట్ డ్యూటీ ఉన్న రోజు కుక్కర్‌లో అన్నం పెట్టేసి ఇక్కడ ఒక పప్పు, ఒక వేపుడు, సాంబారు తెచ్చుకుంటే ముగ్గురికీ సరిపోతుంది, మోకాళ్ల నొప్పులతో అత్తయ్య పొయ్యి దగ్గర నిలబడక్కర్లేదు. దొండకాయ వేపుడు చాలా బాగుంటుంది, ముక్క మెత్తబడదు, పైన పల్లీలు, కొబ్బరి పొడి దండిగా వేస్తారు. గోంగూర పప్పు కావాలంటే మాత్రం ఏడున్నర లోపే వెళ్లండి. మసాలా కూరల్లో నూనె, ఉప్పు రెండూ ఎక్కువే, బీపీ ఉన్నవాళ్లకి వద్దు. వేడి సాంబారు పల్చటి ప్లాస్టిక్ కవర్లో కట్టివ్వడం నాకు అస్సలు నచ్చలేదు, అదే స్టీల్ గిన్నె తీసుకెళ్తే అందులోనే పోస్తారు, పైగా ఒక గరిటె ఎక్కువే. కౌంటర్లో ఉండే ఆవిడ పాప ఒక్కతే వెళ్లినా ఇంటి సంగతులు ఆరా తీయదు, "ఇది కారం, నానమ్మకి బీరకాయ తీసుకెళ్లమ్మా" అంటుంది. అందుకే పాపను ధైర్యంగా పంపిస్తాను. ఆదివారం సాయంత్రం ఉండదు.