జాగ్రత్త: 'వింటేజ్' బేస్ పికప్ అడుగున ఫోమ్ అంటించి ఉంటే ముందు అది పీకి చూడండి

కోపం తగ్గాక రాద్దామనుకున్నా. కానీ అది తగ్గేలోపు ఇంకెవరో కొనేస్తారు. అందుకే ఇప్పుడే రాస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఎవరి గురించో బేస్ వాయించేవాళ్ళకి విడిగా చెప్పక్కర్లేదు. బేస్ గిటార్ పికప్‌లు (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే ముక్కలు) అమ్ముతూ 'చేత్తో చుట్టిన అరవైల నాటి టోన్' అని ప్రకటన పెడుతుంటాడే, ఆయనే. పేరు రాయను.

కథ టూకీగా చెప్తా. నాది మామూలు పి-బేస్, అంటే ఫెండర్ ప్రెసిషన్ తరహా బేస్ గిటార్. ఫ్లాట్‌వౌండ్ తీగలు (పైచుట్టు నున్నగా ఉండేవి) వేశా, బ్రిడ్జి దగ్గర స్పాంజి ముక్క పెట్టా, టోన్ నాబ్ సగానికి తిప్పా. అయినా నాకు కావలసిన పాత శబ్దం రాలేదు. ఇక మిగిలింది పికప్ కదా అని ఆయనకి మెసేజ్ పెట్టా. ఆల్నికో 5 అనే మిశ్రలోహపు అయస్కాంతాలు, కాయిల్‌కి ఫార్మ్‌వార్ పూత ఉన్న 42 గేజ్ తీగ, అది చుట్టడానికి ఫైబర్ పలకల బాబిన్, గుడ్డ తొడుగు వైర్లు, కాయిల్ నిరోధం పదిన్నర కిలో ఓమ్‌లు. అరవైల మొదట్లో ఎలా చుట్టేవారో అచ్చం అలాగే చుట్టానన్నాడు. చదువుతుంటేనే నోరూరింది.

అక్కడితో ఆగినా బాగుండేది. మాటలు పాటల మీదికి మళ్ళాయి. నాకేమో అరవైల్లో మోటౌన్ రికార్డు కంపెనీ పాటలకి బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ అంటే పిచ్చి. 1962 నాటి పి-బేస్, మందపాటి ఫ్లాట్‌వౌండ్లు, బ్రిడ్జి మూత కింద ఫోమ్, కుడిచేతి చూపుడు వేలు ఒక్కటి. ఆ వేలికి 'హుక్' అని పేరు, అంటే కొక్కెం. మోటౌన్‌లో ఆయన బేస్‌ని నేరుగా స్టూడియో మిక్సింగ్ కన్సోల్‌లోకి ఇచ్చి రికార్డు చేసేవాళ్ళు. ఇదంతా నేను పేజీలకి పేజీలు రాశా. నాకు కావలసిన శబ్దం ఎలా ఉండాలో కూడా రాశా: 'పాత చెక్క తలుపు గాలికి మెల్లగా మూసుకుంటే గోడలోంచి దబ్ మని వినిపిస్తుందే, అలా.' ఆయన 'అబ్బ, నా మనసులో మాట చెప్పావన్నా' అన్నాడు. బేసిస్టుల్లో డక్ డన్ అంటే నాకిష్టం అన్నా, ఆయనకీ ఇష్టమే. జాకో పాస్టోరియస్ అన్నా, ఆయనకి ప్రాణమట.

ఇప్పుడు వెనక్కి వెళ్ళి చదువుకుంటే తెలుస్తోంది, నాలుగు రాత్రుల్లో ఆ మనిషి తనంతట తాను ఎత్తిన పేరు ఒక్కటీ లేదు. నేను పాడినదానికల్లా తాళం వేశాడు, అంతే. ఒక్కసారి మాత్రం 'జేమర్సన్ పిక్ పట్టుకుంటేనా' అన్నాడు. ఒంటివేలితో వాయించిన మనిషికి తీగలు మీటే పిక్ ముక్క ఏంటయ్యా! పిక్‌తో వాయించిన బేసిస్టు కేరల్ కేతో కలగలిపి ఉంటాడులే, అర్ధరాత్రి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. బుద్ధుండాలి నాకు.

ఫొటోలన్నీ పైనుంచి తీసినవే. అడుగు భాగం ఫొటో కూడా పంపమని టైప్ చేశా, మళ్ళీ చెరిపేశా. ఇంత అభిరుచి ఉన్న మనిషిని అనుమానించినట్టు ఉంటుందేమోనని. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనకో సామెత ఉంది, ఇక్కడ రాయలేను. మల్టీమీటర్ ఫొటో మాత్రం అడక్కుండానే పంపాడు, 10.52 కిలో ఓమ్‌లు అని. దానికి మురిసిపోయి డబ్బు పంపేశా.

పికప్ వచ్చింది. మూత తీయొద్దన్నాడు, తీగ తలవెంట్రుకంత సన్నం, తెగిపోతుందట. అది నిజమే, తీగ అంత సన్నగానే ఉంటుంది. అడుగున నల్లటి మందపాటి ఫోమ్ అంటించి ఉంది, ఎత్తు సరిపోవడానికట. అదీ మామూలే. బిగించా, వాయించా. అందరికంటే ముందు నన్ను నేనే తిట్టుకోవాల్సింది ఇక్కడే: గంటసేపు వాయించి, ఒళ్ళు మర్చిపోయి 'అదే శబ్దం బ్రదర్!' అని ఆయనకి మెసేజ్ పెట్టా. ఆశ పడ్డ చెవికి ఏదైనా వినిపిస్తుంది మరి.

రెండో రోజు చెవి తేరుకుంది. జి తీగ మీద గరిటెతో గిన్నె మీద కొట్టినట్టు మోత. ఇ తీగలో పస లేదు. పైగా తీగల మీంచి చెయ్యి తీస్తే చాలు, బుయ్ మని హమ్. 1957లో పి-బేస్ పికప్‌ని రెండు ముక్కలు చేసిందే ఆ హమ్ పోవడానికి. ఒక కాయిల్‌లో పుట్టిన హమ్‌ని రెండోది ఎదురొచ్చి కొట్టేయాలి. అలా జరగట్లేదంటే ఒక కాయిల్ వైర్లు తారుమారై ఉండాలి. పాపం తొందరలో తప్పు అతికించి ఉంటాడు, నేనే సరిచేసుకుందాం, ఆయన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకు అనుకున్నా. (అవును, అప్పటికీ 'పాపం' అనే అనుకుంటున్నా.)

అతుకు దొరకాలంటే ఫోమ్ తీయాలి. గోరుతో మూల లేపి లాగా. కింద సిమెంటు రంగు బిళ్ళ ఒకటి, చుట్టూ సాలెగూడులా గ్లూ గన్ పోగులు. సెరామిక్ బార్ అయస్కాంతం! ఫైబర్ పలక అన్నది అచ్చు పోసిన ప్లాస్టిక్. గుడ్డ తొడుగు వైరు బయటికి కనిపించే బొటనవేలంత మేరే, నల్ల టేపు విప్పితే లోపల మామూలు ప్లాస్టిక్ వైరుకి అతికించి ఉంది. ఇంకా నమ్మబుద్ధి కాక, చాకు మొనతో ఆ బిళ్ళ ఊడదీసి, పైన తీగల కింద కనిపించే పోల్ ముక్కలకి (గుండ్రటి కడ్డీలకి) ఒక చిన్న స్క్రూ ఆనించా. ఆల్నికో అయితే ఆ ముక్కలే అయస్కాంతాలు, స్క్రూ టక్కున పట్టుకోవాలి. నా స్క్రూ జారి కింద పడింది. మళ్ళీ పెట్టా. మళ్ళీ పడింది. ఉత్త ఇనుము. నేతిబీరకాయలో నెయ్యెంతో ఇందులో వింటేజ్ అంత.

సెరామిక్ అంటే చెత్త అని నేననను. దానితో చేసిన మంచి పికప్‌లు చాలా ఉన్నాయి. సెరామిక్ అని చెప్పి అమ్మితే ఏ గొడవా లేదు.

నిన్న సాయంత్రం ఫొటోలు తీసి పంపా. మర్యాదగానే అడిగా, 'బ్రదర్, పొరపాటున వేరే పికప్ వచ్చినట్టుంది' అని. అర నిమిషంలో జవాబిచ్చే మనిషి మూడు గంటలు పలకలేదు. తర్వాత వచ్చింది, అక్షరం మార్చకుండా రాస్తున్నా:

'సార్, టోన్ వేళ్ళలోనే ఉంటుందని మీరే అన్నారు. ఇప్పుడు అయస్కాంతం మీద పడితే ఎలా?'

అన్న పోయి సార్ వచ్చింది, చూశారా. ఆ మాట నేనన్నదే. రెండో రాత్రి జేమర్సన్ గురించి, ప్రేమతో, ఒక స్నేహితుడికి చెప్పుకున్న మాట. దాన్ని దాచిపెట్టి నా మొహానే కొట్టాడు. వెనకాలే ఇంకోటి:

'హాబీకి వాయించుకునేవాళ్ళకి ఈ తేడా తెలీదు సార్. మీరు విప్పకపోతే మీకూ తెలిసేది కాదు.'

పక్కన నవ్వే బొమ్మ. నేను జవాబు టైప్ చేస్తుండగానే బ్లాక్. డబ్బు సంగతి తర్వాత, ఆ నవ్వే బొమ్మ ఒక్కటీ రాత్రంతా కళ్ళముందే ఉంది. మండిపోయే విషయం ఏంటంటే ఆయనన్నదాంట్లో సగం నిజం. ఆ మొదటి గంట నాకు తెలియలేదుగా!

కొనేవాళ్ళకి రెండు ముక్కలు. మల్టీమీటర్ ఫొటో చూసి పడిపోకండి. 42 కన్నా సన్నటి తీగ తక్కువ చుట్లు చుట్టినా అదే పదిన్నర చూపిస్తుంది, ఆ అంకెకీ అయస్కాంతానికీ సంబంధమే లేదు. మూత, ఫోమ్ తీసి అడుగు ఫొటో పంపమనండి, నసిగితే వదిలేయండి. చేతికొచ్చాక బిగించేముందే స్క్రూ పెట్టి చూడండి. అడుగు పొడవునా ఎక్కడ పెట్టినా లాగుతుంటే కింద బార్ ఉన్నట్టే. పాత పికప్ పారేయకండి. నాది డబ్బాలో ఉండబట్టి బతికిపోయా, రాత్రే మళ్ళీ వేసేశా.

ఇంత హడావుడిగా రాయడానికి అసలు కారణం వేరే ఉంది. ఇవాళ పొద్దున ఇంకో నంబరు నుంచి చూస్తే ఆయన కొత్త ప్రకటన కనిపించింది. అదే పికప్, అదే పైనుంచి తీసిన ఫొటో. వివరణలో మొదటి వాక్యం: 'పాత చెక్క తలుపు గాలికి మూసుకున్నప్పుడు వచ్చే దబ్ లాంటి శబ్దం.' కింద 'కొన్నవాళ్ళ మాట' అని ఒక స్క్రీన్‌షాట్ పెట్టాడు. 'అదే శబ్దం బ్రదర్!'