పూర్వజ్ఞానం కనుక్కోవడానికి ఏది మేలు: పాఠాన్ని విప్పడమా, పరీక్ష పెట్టడమా?

పాఠ్యపథకంలో ‘పూర్వజ్ఞానం’ అని ఒక గడి ఉంటుంది. తిరుపతి, చిత్తూరు బడుల్లో నేను చూసిన ప్లాన్లలో చాలావాటిలో అక్కడ ‘పిల్లలకు భిన్నాల గురించి తెలుసు’ అనే ఒక్క వాక్యమే ఉంటుంది. తనిఖీకి వచ్చేవాళ్లకు అది చాలు. పాఠం చెప్పేవాళ్లకే చాలదు.

ఆ గడిని నిజంగా నింపాలంటే దారులు రెండు. మొదటిది, పాఠాన్ని పైనుంచి కిందికి విప్పుకుంటూ పోవడం. అమెరికన్ మనస్తత్వవేత్త రాబర్ట్ గాన్యే 1960ల్లో దీన్ని ఒక పద్ధతిగా నిలబెట్టాడు. ఈ లెక్క చేయాలంటే ముందు ఏం చేయడం వచ్చి ఉండాలి, దానికి ముందు ఏం రావాలి అని అడుగుతూ దిగడమే. రెండోది, పిల్లలకు ముందే ఒక పరీక్ష పెట్టి ఎవరు ఎక్కడున్నారో చూడటం. పుస్తకం వరుసనే నమ్ముకోవడం అనే మూడో దారి కూడా ఉంది కానీ, ముందు పేజీలో ఉన్నదల్లా తర్వాతి పేజీకి పునాది కాదు.

ఆరో తరగతిలో 2/3 + 1/4 తీసుకుందాం. ఏం రావాలి అని అడిగితే స్టాఫ్ రూమ్‌లో ఎవరైనా ముందు చెప్పేది క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం). నిజానికి అది తప్పనిసరి కాదు. హారాలు రెండూ గుణించి 12 చేసుకున్నా 8/12 + 3/12 వస్తుంది, జవాబు 11/12. హారాలు 6, 4 అయితే 24 వస్తుంది, చివర్లో కాస్త సూక్ష్మీకరించాలి, అంతే. తప్పనిసరిగా కావలసినవి సమాన భిన్నాలు రాయడం, హారాలు ఒకటే అయినప్పుడు కూడటం, ఎక్కాలు. వాటన్నిటికీ అడుగున, హారం అంటే మొత్తాన్ని ఎన్ని సమాన భాగాలు చేశామో చెప్పే అంకె అన్న అవగాహన ఉండాలి. ‘ఉంటే సులువు’ అన్నవాటిని ‘లేకపోతే కుదరదు’ అన్నవాటి నుంచి ఇలా విడదీయడం విప్పే పద్ధతికే సాధ్యం. క.సా.గు. కోసం వారం పోగొట్టుకోకుండా కాపాడేది కూడా ఇదే.

పరీక్ష ఒక్కటే పెడితే? ఒక పిల్లవాడు 2/3 + 1/4కు 3/7 అని రాస్తాడు. తప్పని తెలిసింది, ఎందుకో తెలియలేదు. అదే ముందు పాఠాన్ని విప్పి ఉంటే ప్రశ్నలు వాటంతటవే వస్తాయి: 1/3, 1/4లలో ఏది పెద్దది? 1/5 + 2/5 ఎంత? 2/3ని హారం 12తో రాస్తే? రెండోదానికి 3/10 అన్నవాడికి సమాన భిన్నాలు నేర్పి లాభం లేదు, కాగితం మడిచి భాగాలు చూపించడం దగ్గర మొదలుపెట్టాలి. మూడోదాంట్లో మాత్రమే ఆగినవాడికి ఒక పీరియడ్ చాలవచ్చు.

అందుకే నా ఓటు విప్పడానికే. ముందు అది, తర్వాత దాన్నుంచే పుట్టిన నాలుగైదు ప్రశ్నల పరీక్ష. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ విద్యాసంస్థ వాళ్లు పల్లె బడుల కోసం చేసిన కార్డుల పద్ధతిలో ఈ రెండూ కలిసే ఉన్నాయి. పాఠాలను ముందే మెట్లుగా విడగొట్టి పెడతారు, ఏ పిల్లవాడు ఏ మెట్టు మీద ఉంటే అక్కణ్నుంచే సాగుతాడు. కర్ణాటక ప్రభుత్వ బడుల్లో వచ్చిన ‘నలి కలి’ బోధన పద్ధతికి స్ఫూర్తి ఇదే. ఇక్కడి బడుల్లో దీని గురించి ఇంకా ఎక్కువ మాట్లాడుకోవాల్సింది!

ఒక్క చోట మాత్రం పరీక్షదే పైచేయి. విప్పేటప్పుడు మనం లెక్కలోకే చూస్తాం, లెక్క బయట ఉన్నది కనబడదు. నగరి వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు కొందరికి కూడిక వస్తుంది. ‘తోతాపురి మామిడిలో మూడింట రెండు వంతులు గుజ్జు ఫ్యాక్టరీకి, నాలుగో వంతు మార్కెట్‌కు పంపితే మొత్తం ఎంత పంపినట్టు?’ అని తెలుగులో రాసిస్తే ఆగిపోతారు. అలాంటి తరగతిలో ఒకే లెక్కను మూడు రకాలుగా ఇవ్వాలి: అంకెల్లో ఒకసారి, వాక్యంగా ఒకసారి, ఆ వాక్యాన్నే పైకి చదివి వినిపించి ఒకసారి. వింటే చేసి, చదివి చేయలేకపోయినవాడికి ముందు కావలసింది చదవడం, భిన్నాలు కాదు.