పాత నెక్సస్ 7లో లీనియేజ్: ఆదివారం పెట్టిన ఛార్జింగ్ గురువారానికీ ఉంది

గురువారం పొద్దున్నే తణుకు నుంచి నాన్న ఫోన్ చేశారు. "ఒరేయ్, ట్యాబ్‌కి నేను ఛార్జింగ్ పెట్టింది ఆదివారం. ఇంకా ముప్పై ఎనిమిది చూపిస్తోంది. ఆ అంకె ఎక్కడో ఆగిపోయినట్టుంది, ఏంటో చూడు" అన్నారు. ఆగిపోలేదు నాన్నా, నిజంగానే అంత ఉంది అంటే నమ్మలేదు. సాయంత్రం గంటసేపు చదువుకుని మళ్లీ ఫోన్ చేశారు. "ఇరవై ఎనిమిదికి దిగింది. బాగానే ఉందిలే" అన్నారు. అప్పుడు గానీ ఆయనకి కుదుటపడలేదు.

ఆ ఫోన్ పెట్టేశాక నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. ఇదే ట్యాబ్ ఇంతకు ముందైతే రాత్రంతా బల్ల మీద ఊరికే పడి ఉండి కూడా తెల్లారేసరికి పదిహేను శాతం పైనే ఖాళీ అయ్యేది. పాత ట్యాబ్‌లో గూగుల్ ఇచ్చిన ఆండ్రాయిడ్ తీసేసి లీనియేజ్ ఓఎస్ అనే ఉచిత ఆండ్రాయిడ్ వేసుకున్నందుకు నాకు దక్కింది ఏమిటని ఎవరైనా అడిగితే మొదట చెప్పేది వేగం కాదు, కొత్త ఫీచర్లు కాదు. వాడనప్పుడు అది హాయిగా నిద్రపోతుంది. ముట్టుకున్నప్పుడు లేస్తుంది. అంతే.

ట్యాబ్ 2013 నాటి గూగుల్ నెక్సస్ 7, వైఫై మోడల్. 2016లో ఆఫీసులో ఒకాయన అమ్మేస్తుంటే ఐదు వేలకి తీసుకున్నాను. గూగుల్ నుంచి దీనికి వచ్చిన ఆఖరి ఆండ్రాయిడ్ 6.0.1. దాంతోనే ఏళ్ల తరబడి నెట్టుకొచ్చాను, మార్చాలని కూడా అనుకోలేదు.

2024 వేసవిలో మాత్రం ఒక్కో వెబ్‌సైటూ తెరుచుకోవడం మానేసింది. నిన్న వచ్చిన సైటు ఇవాళ "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అంటుంది. వైఫై తప్పేమో అనుకున్నాను. తేదీ, టైము సరిగ్గా ఉన్నాయో లేదో చూశాను. తర్వాత తెలిసిన అసలు సంగతి ఇది. సైటు నిజమైనదేనని బ్రౌజర్‌కి చూపేది సర్టిఫికెట్. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లనే లెక్కలేనన్ని సైట్లు వాడుతున్నాయి. ఆ సంస్థ సొంత మూల సర్టిఫికెట్‌ని ఆండ్రాయిడ్ 7.1.1 నుంచే గుర్తిస్తుంది. అంతకన్నా పాతవాటి కోసం, అవి ముందే నమ్మే మరో సంస్థ సంతకాన్ని తోడు పెట్టి కొన్నేళ్లు నడిపారు. 2024లో ఆ ఏర్పాటు ఆగిపోయింది. అంటే ట్యాబ్‌లో ఏదీ చెడిపోలేదు. తెర బాగుంది, స్పీకర్లు బాగున్నాయి. ఎవరిని నమ్మాలో చెప్పే జాబితా ఒక్కటే పాతబడింది. ఫైర్‌ఫాక్స్ వేసుకుంటే కొన్నాళ్లు గడిచింది, ఎందుకంటే అది తన జాబితా తనే వెంట తెచ్చుకుంటుంది. కానీ మిగతా యాప్‌లకి ఆ సౌకర్యం లేదు, ఒకదాని తర్వాత ఒకటి మొరాయించాయి. బాగున్న వస్తువుని ఇందుకోసం పారేయడానికి నాకు మనసు రాలేదు. అప్పుడే లీనియేజ్ ఓఎస్ 18.1 వేద్దామని నిర్ణయించుకున్నాను. అది ఆండ్రాయిడ్ 11.

బూట్‌లోడర్ (ట్యాబ్‌ని మొదట లేపే ప్రోగ్రాం) అన్‌లాక్ ఎలా చేయాలో, రికవరీ (కొత్త సాఫ్ట్‌వేర్ వేయడానికి వాడే చిన్న ప్రోగ్రాం) ఎలా ఎక్కించాలో ఎక్కడైనా దొరుకుతుంది. ఈ మోడల్‌కి అదనంగా ఇంకో పని ఉంది. ఫ్యాక్టరీలో సిస్టమ్ కోసం స్టోరేజీలో విడదీసి వదిలిన భాగం, అంటే పార్టిషన్, ఒక జీబీ కూడా లేదు, ఆండ్రాయిడ్ 11కి అది చాలదు. కాబట్టి ముందు పార్టిషన్లు మార్చుకోవాలి. ఇంట్లో గోడ పగలగొట్టి గది పెద్దది చేసుకున్నట్టే. ఆ తర్వాత లోపలున్న పాత సామాను ఏదీ మిగలదు.

ఆ రాత్రి జరిగింది కాస్త వివరంగానే చెప్తాను, ఇంకొకరికి ఆ అవస్థ తప్పుతుందని.

రాత్రి పదిన్నరకి మొదలుపెట్టాను. అన్‌లాక్ అయింది, రికవరీ వచ్చింది, పార్టిషన్లు మారాయి. రికవరీలోకి వెళ్లి చూస్తే లోపలి స్టోరేజీ సున్నా ఎంబీ అని చూపించింది. గుండె జారింది. మార్చిన పార్టిషన్‌ని ఫార్మాట్ చేయాలని గుర్తొచ్చి చేశాను, సర్దుకుంది. ఇక మిగిలింది ల్యాప్‌టాప్ నుంచి కేబుల్ ద్వారా లీనియేజ్ ఫైలు పంపడం. దాన్నే సైడ్‌లోడ్ అంటారు.

ఇక్కడ ట్యాబ్ పోర్టు గురించి చెప్పాలి. పాత మైక్రో యూఎస్‌బీ, ఎనిమిదేళ్లు రోజూ పెట్టి తీసి వదులైపోయింది. కేబుల్ కొంచెం పైకెత్తి పట్టుకుంటేనే ఛార్జింగ్ గుర్తు వచ్చేది, చేయి వదిలితే పోయేది. కాబట్టి ఎడమ చేత్తో కేబుల్ పట్టుకుని, కుడి చేత్తో ఎంటర్ కొట్టాను. అంకెలు ఎక్కుతున్నాయి. ముప్పై, నలభై, నలభై ఐదు. 47 శాతం దగ్గర ఆగిపోయింది. కింద ఒక వరుస వచ్చింది: "ఫెయిల్డ్ టు రీడ్ కమాండ్: నో ఎర్రర్". నేను చూసింది ఫెయిల్డ్ అన్న మాట ఒక్కటే. కేబుల్ కదిలిందని తేల్చేశాను.

మళ్లీ ఫార్మాట్ చేసి మళ్లీ పంపాను. ఈసారి కేబుల్ కింద అగ్గిపెట్టె పెట్టి, రబ్బరు బ్యాండు చుట్టి, ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. మళ్లీ 47. మూడోసారి వేరే కేబుల్. మళ్లీ 47. అంత ఖచ్చితంగా ఒకే చోట ఆగుతుంటే అది కేబుల్ తప్పు కాదని నాకు తట్టాల్సింది. కానీ అప్పటికి ఒంటిగంట దాటింది, బ్యాటరీ పందొమ్మిది శాతంలో ఉంది, రికవరీ తెర వెలుగుతూనే ఉంది. కేబుల్ పెట్టినా ఛార్జ్ సరిగ్గా ఎక్కడం లేదు. పాత ఆండ్రాయిడ్ పోయింది, కొత్తది రాలేదు. బ్యాటరీ అయిపోతే మళ్లీ ఎలా లేపాలన్న టెన్షన్ ఒకటి. మా ఆవిడ లేచి వచ్చి "పొద్దున చూసుకోవచ్చు కదా" అంటే, ట్యాబ్ ఆఫ్ చేసి పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు.

తెల్లారి గుర్తొచ్చింది, ఈ నెక్సస్ 7కి వెనక క్యూఐ వైర్‌లెస్ ఛార్జింగ్ ఉందని. ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా వాడలేదు. మా బావ తన ఫోన్ కోసం కొన్న ఛార్జింగ్ ప్యాడ్ అడిగి తెచ్చాను. దాని మీద పెట్టి అటూ ఇటూ జరుపుతుంటే ఒకచోట ఛార్జింగ్ గుర్తు వెలిగింది. ఆ చిన్న బ్యాటరీ బొమ్మని చూసి పొందిన ఊరట ఇప్పటికీ గుర్తుంది. పదేళ్లు దాటిన వస్తువులో ఇలాంటిది ఒకటి నా కోసం ఎదురుచూస్తూ ఉందన్నమాట.

ఛార్జ్ ఎక్కుతుండగా లీనియేజ్ వాళ్లు రాసిన సూచనలు మొదటి నుంచి చివరి దాకా నిదానంగా చదివాను. అక్కడే ఉంది. ఫైలు పూర్తిగా వెళ్లినా ఒక్కోసారి కంప్యూటర్‌లో అంకె 47 దగ్గరే ఆగి, అలాంటి మాటే ఏదో వస్తుందట, కంగారు పడకుండా ముందుకు వెళ్లమని రాశారు. ట్యాబ్ తెర మీద నిన్న కనిపించిన "స్టేటస్ 0" కూడా గుర్తొచ్చింది. సున్నా అంటే ఏమీ కాలేదని అనుకున్నాను నేను. అక్కడ సున్నా అంటే తప్పులేమీ లేవని. మొదటిసారే పని అయిపోయింది. అయిన పనిని నేనే రెండుసార్లు చెరిపేశాను. మూడోసారిది మాత్రం అలాగే ఉంది కాబట్టి ఊరికే రీబూట్ నొక్కాను. లీనియేజ్ గుర్తు తెర మీద చాలాసేపు కదిలింది. పావుగంట పైనే. తర్వాత భాష ఎంచుకోమంది. తెలుగు నొక్కాను.

గూగుల్ యాప్‌లు కావాలంటే విడిగా వేసుకోవచ్చు, నేను వేయలేదు. నిద్ర సంగతి అంతా అక్కడుంది. పాత సాఫ్ట్‌వేర్‌లో తెర ఆర్పేసినా మెయిల్ వచ్చిందా, యాప్‌లకి అప్‌డేట్లున్నాయా, ఫోటోలు పైకి పంపాలా అని ట్యాబ్ మాటిమాటికీ లేచేది. దాన్ని అలా లేపేవాళ్లు ఇప్పుడు లేరు. నేను కొలిచి చూశాను. లీనియేజ్ వేయకముందు రాత్రి పదకొండుకి 80 శాతం ఉంటే పొద్దున ఆరుకి 64. అదే బ్యాటరీతో, లీనియేజ్ వేశాక, అదే సమయానికి 80 నుంచి 78. మూడు రాత్రులు వరసగా చూశాను, దాదాపు అంతే.

జూలైలో ట్యాబ్ నాన్న చేతికి వెళ్లింది. ఆయనకి కావాల్సింది పాత తెలుగు పుస్తకాల స్కాన్లు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వాళ్లు స్కాన్ చేసినవి చాలా ఉన్నాయి. పేజీలు పసుపు, అచ్చు చిన్నది, చుట్టూ బోలెడు అంచు. ఉచిత యాప్‌లు దొరికే ఎఫ్-డ్రాయిడ్ నుంచి కేఓరీడర్ అనే పుస్తకాలు చదివే యాప్ వేసి అంచులు దానంతటదే కత్తిరించేలా పెట్టాను. ఏడంగుళాల తెర నిండా అక్షరాలే. ఈ తెర సన్నని గీతని కూడా స్పష్టంగా చూపిస్తుంది, అందుకే "క్ష్మ", "స్త్ర" లాంటి వాటి కింద వేలాడే ఒత్తులు కూడా విడివిడిగా కనిపిస్తాయి. ఫోన్‌లో చదివినప్పుడు నాన్న అద్దాలు తీసి, పెట్టి, తెర దగ్గరికి తెచ్చుకుని అవస్థ పడేవారు. ఇప్పుడు మంచం మీద దిండు ఆనించుకుని ఒంటి చేత్తో పట్టుకుని చదువుతారు. నిన్న ఆపిన పేజీయే ఇవాళ తెరుచుకుంటుంది. నిజానికి కేఓరీడర్ పాత ఆండ్రాయిడ్‌లో కూడా నడిచేది, కాబట్టి ఈ సుఖం అంతా లీనియేజ్ ఖాతాలో వేయలేను. పుస్తకం దించుకోవడానికి సైటు తెరుచుకోవాలి కదా, అది మాత్రం లీనియేజ్ పుణ్యమే.

ఇంకో మాట కూడా చెప్పాలి. సెప్టెంబరులో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో దీనికి కొత్త బ్యాటరీ వేయించాను. మొదట్లో చెప్పిన గురువారం ఫోన్ ఆ తర్వాతది. కాబట్టి నాలుగు రోజుల ముచ్చటలో కొంత వాటా ఆ బ్యాటరీది. రాత్రిపూట కరిగిపోవడం ఆగింది మాత్రం పాత బ్యాటరీతోనే. అలాగే, గూగుల్ ఖాతా తీసేసి ఉంటే పాత సాఫ్ట్‌వేర్‌లోనూ కొంత తేడా కనిపించేదేమో. నేను అది చేసి చూడలేదు.

నాన్నకి ఒక లోటు మిగిలింది. ఇంతకు ముందు మైకు నొక్కి తెలుగులో మాట్లాడి వెతికేవారు. గూగుల్ లేదు కాబట్టి అది పోయింది. "ఆ మైకు గుర్తు ఎక్కడికి పోయిందిరా?" అని మూడు నాలుగుసార్లు అడిగారు. ఇండిక్ కీబోర్డ్ వేసి ఇచ్చాను, ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగు వస్తుంది. డెబ్బై మూడేళ్ల వయసులో ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టడం ఆయనకి ఇబ్బందే. ఇప్పుడు కావాల్సిన పుస్తకం పేరు నాకు ఫోన్‌లో చెప్తారు. ఊరెళ్లినప్పుడు నేనే నింపి వస్తాను. పోర్టు ముట్టుకోకుండా లోకల్‌సెండ్ అనే యాప్‌తో వైఫై మీదే పంపేస్తాను.

ఇంతకు మించిన వెర్షన్ మీద నేను ఆశ పెట్టుకోలేదు. దీని కెర్నెల్, అంటే ఆండ్రాయిడ్‌కి అడుగున ఉండి హార్డ్‌వేర్‌ని నడిపే భాగం, 3.4 వెర్షన్. ఆండ్రాయిడ్ 12 నుంచి కెర్నెల్‌లో ఉండి తీరాల్సినవి కొన్ని ఇంత పాతదాంట్లో లేవు. చిప్ కంపెనీ ఇచ్చిన డ్రైవర్లూ పాతవే. అందుకే ఇందులో బ్యాంకు యాప్, పాస్‌వర్డ్, ముఖ్యమైన మెయిల్ ఏదీ పెట్టలేదు.

2025 అక్టోబరులో మొంథా తుఫాను వచ్చినప్పుడు తణుకులో మా ఇంటికి కరెంటు పోయింది. నాన్న ఫోన్‌ని మాట్లాడటానికే దాచుకుని, ట్యాబ్‌లో పుస్తకం చదువుకుంటూ కూర్చున్నారట. అమ్మ చెప్పింది, "గాలి హోరు వినపడకుండా నాకు కూడా పైకి చదివి వినిపించారురా" అని.

ఇది మీరూ చేయాలా అంటే, మీ ఇంటిని బట్టి ఉంటుంది. మాకు డబ్బు లావాదేవీలన్నీ ఫోన్‌లో నడుస్తాయి, ట్యాబ్ చదువుకే. నాన్నకి ఏదైనా ఆగిపోతే ఫోన్‌లో చెప్పడానికి నేనున్నాను. ఇంట్లో ఉన్న ఒక్క పరికరం ఇదే అయితే, పిల్లల క్లాసులూ పెద్దల పింఛను పనులూ దీని మీదే ఆధారపడితే, నేను వద్దనే అంటాను. చేసేవాళ్లు మాత్రం రాత్రి మొదలుపెట్టకండి. ముందు రోజే పోర్టులో దుమ్ము తీసి, కొత్త కేబుల్ ఒకటి తెచ్చుకుని, పూర్తి ఛార్జ్ పెట్టుకోండి. 47 దగ్గర ఆగితే ట్యాబ్ తెర వైపు చూడండి. అక్కడ స్టేటస్ 0 ఉంటే రీబూట్ నొక్కండి.